చుట్టపుచూపుగా వచ్చిన పన్ను

పన్నులు రెండు రకాలని నా నమ్మకం. మొదటిది ఎదురుగా వచ్చి అడిగే పన్ను. భూమి శిస్తు అలాంటిది. కరణంగారు లెక్క చెప్పేవారు, రైతు గొణుక్కుంటూ కట్టేవాడు. తిట్టుకోవడానికైనా కళ్ళెదుట ఒక మనిషి ఉండేవాడు. రెండోది మొహం చాటేసే పన్ను. సబ్బు కొంటే సబ్బులో, చెప్పులు కొంటే చెప్పుల్లో దాక్కుని ఇంటికొస్తుంది. కట్టామన్న సంగతే మనకు గుర్తుండదు. ఈ రెండో రకం మన గడప తొక్కిన కథ చెప్పుకోదగ్గది. ఎందుకంటే అది చెడ్డ పని కోసం రాలేదు. మంచి పని కోసమే వచ్చింది. చిక్కంతా అక్కడే ఉంది.

1937లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసులోవే గదా! రాజాజీ ప్రధానమంత్రి. ఆ రోజుల్లో రాష్ట్రంలో పెద్ద మంత్రిని అలాగే అనేవారు. ఆర్థికశాఖ కూడా ఆయన దగ్గరే ఉండేది. మన ప్రకాశం పంతులుగారు రెవిన్యూ మంత్రి. ఆ ఏడు అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలైంది. మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు పాకింది.

కల్లు మానితే సంసారాలు బాగుపడతాయి. కాదనేవారెవరు? కానీ సర్కారు ఖజానా కూడా ఆ కల్లుకుండ మీదే కూర్చుని ఉంది. రాష్ట్రం ఆదాయంలో సుమారు నాలుగోవంతు ఆబ్కారీ డబ్బే. కుండ పగలగొడితే పైన కూర్చున్నవాడు కింద పడక తప్పదు.

ఇంట్లో రాబడి తగ్గితే ఇల్లాలు ఏం చేస్తుంది? ముందు ఖర్చు తగ్గిస్తుంది. రాజాజీ పొదుపు తెలియని మనిషి కాదు. కాంగ్రెసు మంత్రులు నెలకు అయిదువందలు మాత్రమే జీతం పుచ్చుకున్న రోజులవి. అయినా ఆ పొదుపుతో పూడే గొయ్యి కాదది. అంచేత 1939లో కొత్త పన్నులు వరసకట్టి వచ్చాయి. సినిమా టిక్కెట్టు మీద ఒకటి, కరెంటు మీద ఒకటి, పొగాకు మీద ఒకటి, పెట్రోలు మీద ఒకటి. వీటన్నిటికీ పెద్దన్న జనరల్ సేల్స్ టాక్సు. ఒక సరుకని కాకుండా దాదాపు అన్ని సరుకుల అమ్మకాల మీదా వేసిన పన్ను మన దేశంలో అదే మొదటిది.

వచ్చినప్పుడు అది ఎంత వినయంగా వచ్చిందనుకున్నారు! ఏడాదికి పదివేల లోపు వ్యాపారం చేసే చిన్న దుకాణదారుడి జోలికే పోలేదు. పెద్ద వ్యాపారి దగ్గర కూడా నూటికి అర్ధరూపాయే అడిగింది. వర్తకులు గోల పెట్టారు. కానీ మద్యనిషేధం లాంటి పుణ్యకార్యానికి అర్ధరూపాయి ఇవ్వమంటే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది?

ఆ పుణ్యకార్యం ఏమైందో చూడండి. 1939 ఆఖరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. యుద్ధకాలంలో గవర్నరు సలహాదారుల పాలన మద్యనిషేధాన్ని పక్కన పెట్టింది. కల్లు దుకాణాలు మళ్ళీ తెరిచారు. కారణం పోయింది గనుక పన్ను కూడా పోవాలి గదా? పోలేదు సరికదా, ఆ రుచి చూసి 1941లో బెంగాలు, 1946లో బొంబాయి అలాంటి పన్నే వేసుకున్నాయి.

యుద్ధం ముగిశాక మద్రాసులో మద్యనిషేధం మళ్ళీ వచ్చింది. తరవాత ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. 1954 నవంబరులో ఈ మద్యనిషేధం గొడవ మీదే ప్రకాశంగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. మంత్రివర్గం కూలింది గాని పన్ను కదల్లేదు. తెలంగాణ సంగతి మరీ విచిత్రం. అక్కడ నిషేధమే లేదు. అయినా హైదరాబాదు రాష్ట్రం 1950లో అమ్మకం పన్ను తెచ్చింది. 1957లో రెండు ప్రాంతాలకూ కలిపి ఒకే చట్టం చేశారు. అంటే కల్లు మానినవాడూ కట్టాడు, తాగినవాడూ కట్టాడు. 1969లో ఆంధ్రప్రాంతంలో నిషేధం సడలించారు. పన్ను ఉండిపోయింది. 1995 జనవరిలో రాష్ట్రమంతటా సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. పన్ను అప్పుడూ ఉంది. 2005లో వ్యాట్ అని పేరు మార్చుకుంది. 2017లో జీఎస్టీ అయింది. మనం తాగే మద్యాన్ని మాత్రం జీఎస్టీలో కలపలేదు, రాష్ట్రాల చేతికే వదిలారు. ఒకప్పుడు మద్యం డబ్బు పోతుందని ఈ పన్ను తెచ్చారు. చివరకు మద్యం డబ్బూ ఉంది, ఈ పన్నూ ఉంది!

మరో విశేషం. అమ్మకం పన్ను తెచ్చిన ఆ రాజాజీయే 1959లో మన ఎన్.జి. రంగాగారు, మినూ మసానీ తదితరులతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. రంగాగారే దానికి మొదటి అధ్యక్షుడు. సర్కారు చెయ్యి ప్రతి దానిలోనూ పెట్టకూడదు, ఖర్చు తగ్గించుకోవాలి, పన్నులు తేలిగ్గా ఉండాలి అని వారి వాదం. ‘పర్మిట్-లైసెన్స్-కోటా రాజ్యం’ అని రాజాజీ వెక్కిరించిన మాట దేశమంతా పాకింది. 1967లో ఆ పార్టీ లోక్‌సభలో 44 స్థానాలు గెలిచింది. 1974 నాటికి వేరే పార్టీలో కలిసిపోయింది. పార్టీలకు కూడా ఆయుర్దాయం ఉంది. పన్నుకే లేదు.

ఈ మధ్య మా వీధి కిరాణా శెట్టిగారిని అడిగాను.

“ఏం శెట్టిగారూ, ఈ చీటీలో పన్నెంత?”

“నన్నడుగుతారేం బాబుగారూ? నేను మధ్యన తపాలా బంట్రోతుని. మీ దగ్గర పుచ్చుకుని అక్కడ ఇస్తాను. దేనికని మీరూ అడగరు, వాళ్ళూ చెప్పరు.”

పన్నులే వద్దనడం నా ఉద్దేశం కాదు. బడికీ ఆస్పత్రికీ రోడ్డుకీ డబ్బు ఆకాశం నుంచి రాలదు. అమ్మకం పన్ను డబ్బుతో ఎన్నో పనులు జరిగాయి. నేను చెప్పేదల్లా ఒక్కటే. ఫలానా పని కోసమని వచ్చిన పన్నుని, ఆ పని అయిపోయినరోజున పిలిచి “నువ్వింకా ఎందుకున్నావు?” అని అడిగేవాడు ఉండాలి. అడగాల్సిన చోటు శాసనసభ. అక్కడేమో బడ్జెట్టు చివరిరోజున, చర్చకు రాని పద్దులన్నీ గిలెటిన్ పేరుతో ఒక్క ఊపున ఆమోదం పొందే ఆచారం ఉంది. ఖర్చునే అడగనప్పుడు పన్నుని ఎవరు అడుగుతారు?

కొత్త పన్ను వేసే ప్రతి చట్టంలోనూ రెండు మాటలు రాసి ఉండాలని నా కోరిక. ఎందుకు వచ్చింది, ఎప్పుడు పోతుంది. ఆ గడువు దాటాక కూడా కావాలంటే మళ్ళీ సభలో నిలబడి, కారణం చెప్పి, ఓటు అడగాలి. ఇంటికొచ్చిన చుట్టాన్నయినా “ఎన్నాళ్ళుంటారు?” అని మర్యాదగానే అడుగుతాం. అందులో తప్పేముంది?