చీరాల-పేరాల: నాలుగు వేలు, నలభై వేలు

మా హైస్కూలు చరిత్ర పుస్తకంలో చీరాల-పేరాల ఉద్యమానికి ఒక్క పేరా కేటాయించారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, రామదండు, రామనగర్ అన్న మూడు మాటలు కంఠస్థం చేసి పరీక్ష గట్టెక్కాను. స్వాతంత్ర్యోద్యమ ఘట్టంగా చదువుకున్న ఆ కథ మొదట్లో ఒక పురపాలక సంఘపు జమాఖర్చుల తగవు అన్న సంగతి చాలా ఏళ్ళకు గాని నాకు తట్టలేదు.

అప్పటి గుంటూరు జిల్లాలోని ఈ జంట గ్రామాలు యూనియన్‌గా ఉన్నంతకాలం ఏటా కట్టిన పన్ను సుమారు 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం వీటిని మునిసిపాలిటీగా మార్చింది. పన్ను సుమారు 40,000 అయింది. పదిహేను వేల జనాభా. అందులో నేతపనివారు, చిన్న రైతులు ఎందరో. సర్కారు పక్షాన కూడా ఒక మాట చెప్పుకోవాలి. పట్టణానికి మురుగు కాలువలు, మంచినీరు, వాటిని చూసే సిబ్బంది కావాలి, వాటికి డబ్బు కావాలి. అది అబద్ధం కాదు. కానీ ఆ డబ్బంతా మగ్గం మీదనే రాలాలా?

ప్రజలు మునిసిపాలిటీని రద్దు చేయమన్నారు. పన్ను కట్టక కొందరు జైలుకు వెళ్ళారు; వారిలో రావూరి అలమేలమ్మ ఒకరు. 1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీజీ ముందు రెండు దారులు కనిపించాయి: పన్నుల నిరాకరణ, లేదా ఊరు విడిచిపోవడం. జనం రెండోదే ఎంచుకున్నారు. మునిసిపల్ సరిహద్దు దాటి పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టి, దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చారు. దుగ్గిరాల బరంపురంలో అరెస్టయి ఏడాది శిక్షతో తిరుచిరాపల్లి జైలుకు వెళ్ళాక, చేతిలో డబ్బూ అయిపోయి, వెనక్కి మళ్ళారు.

నన్ను ఆపేది ఇంకొక సంగతి. 1919 సంస్కరణల ప్రకారం స్థానిక స్వపరిపాలన ప్రజాప్రతినిధియైన మంత్రికి అప్పగించారు. మద్రాసులో ఆ మంత్రి మన తెలుగువాడే, పానగల్లు రాజా రామరాయణింగారు. ఆర్థికశాఖ మాత్రం గవర్నరు కార్యనిర్వాహక మండలి దగ్గరే ఉంది. బాధ్యత ఒకరిది, బొక్కసం మరొకరిది! ఆయన మొండితనాన్ని నేను సమర్థించను గాని, ఊరికి గ్రాంటు ఇచ్చి బరువు తగ్గించే తాళంచెవి ఆయన చేతిలో లేదన్నది మరవరాదు.

ఆ ఏర్పాటు దొరలతో పోలేదు. 1992 నాటి 74వ సవరణ పురపాలక సంఘాలకు రాజ్యాంగ ప్రతిపత్తినిచ్చింది. ఏ పన్నులు వేసుకోవచ్చో తేల్చడం మాత్రం రాష్ట్ర శాసనసభకే వదిలింది. అంతకు ముందే, 1987లో, మన రాష్ట్రం స్థానిక సంస్థల చేతిలోని వృత్తి పన్నును చట్టం చేసి తాను తీసుకుంది. ఆ పన్నుకు రాజ్యాంగం 1988లో పెట్టిన గరిష్ఠ పరిమితి ఏడాదికి 2,500 రూపాయలు. దాన్ని 18,000 చేయమని పదిహేనవ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. పెంచినా, మన ఊరి మునిసిపల్ కార్యాలయం ఆ రసీదు చించి ఇవ్వదు.