పురుగు పేరు – జన్యువుల సాక్ష్యము

2021వ సంవత్సరము చివర వరంగల్లు ప్రాంతపు మిరపతోటలలో పూత రాలిపోవుట మొదలైనది. పూవు విప్పి చూచిన రైతునకు నువ్వుగింజలో సగమైనను లేని నల్లని పురుగులు గుంపులుగా కనిపించినవి. తామర పురుగు మన మిరపకు క్రొత్తది కాదు. లేత ఆకుల రసము పీల్చి పైముడత తెచ్చు లేతపసుపు తామర పురుగును మన పెద్దలును ఎరుగుదురు. దానికి కొట్టు మందులే దీనికిని కొట్టినారు. ఒకటి చాలదని రెండు కలిపి కొట్టినారు. పూత నిలువలేదు. మానుకోట, భూపాలపల్లి, ఖమ్మము వైపునను ఇదే గోడు. పెట్టుబడి అంతయు మందుల దుకాణమునకు చేరిన పిదప తోటలను దున్నివేసినవారు కలరు. ఎనుమాముల మార్కెట్టుకు రావలసిన కాయ పూవు దశలోనే పోయినది.

పల్లెలలో దీనికి నల్ల తామర పురుగని పేరు వచ్చినది. శాస్త్రమున దీని పేరు త్రిప్స్ పార్విస్పైనస్. 1922లో కార్నీ అను ఆస్ట్రియా దేశపు కీటక శాస్త్రజ్ఞుడు దీనిని తొలిసారి వర్ణించినాడు. ఇండోనేషియా మిరపతోటలకు ఇది పాత శత్రువు. మన దేశమున ఇది ఉన్నదని 2015లో ప్రకటించినవారు భారత జంతు సర్వేక్షణ సంస్థ శాస్త్రజ్ఞులు. బెంగుళూరులో బొప్పాయి మీద దొరికిన ఆ పురుగును పోల్చుటకు వారు రూపలక్షణములతో తృప్తిపడక, జన్యువుల సాక్ష్యమును కూడ జతపరచినారు. 2021 మొదట గుంటూరు సీమ మిరపలోను, ఆ యేడు చివరకు మన తోటలలోను అదే పురుగు తేలినది.

జన్యువుల దాక పోవలసిన పని యేమని అడుగవచ్చును. తామర పురుగుల జాతిని రూపముచే నిర్ణయించుట మిక్కిలి కష్టము. గాజుపలక మీద పెట్టి, సూక్ష్మదర్శినిలో రోమములను లెక్కించి చెప్పవలెను; అదియు ప్రాయమునకు వచ్చిన ఆడపురుగైనచో. పిల్లపురుగు లన్నియు ఇంచుమించు ఒక్కతీరున ఉండును. జన్యువునకు ప్రాయముతో పనిలేదు. 2003లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయమునకు చెందిన పాల్ హెబర్ట్, ఆయన సహచరులు ఒక సూచన చేసినారు: జంతుకణములలోని మైటోకాండ్రియాలో నుండు ఒక జన్యువున సుమారు 650 అక్షరముల తునకను చదివి, దానినే జాతికి గుర్తుగా వాడవచ్చునని. అంగడిలో సరకుల మీది గీతల గుర్తు వంటిదే ఇదియును. బెంగుళూరు పురుగును పట్టి యిచ్చినది ఈ పద్ధతియే.

ఈ సాక్ష్యము జాతిపేరుతోనే ఆగదు. వంశములను కూడ తిరుగ వ్రాయించును. ఇందుకు రంపపు ఈగల కథను మించిన నిదర్శనము మాకు తోచలేదు. ముల్లంగి, ఆవ మొక్కల మీద నల్లని పురుగులు ఆకు తొలిచి, ముట్టుకొన్నంతనే క్రింద రాలిపడుట తోటలు పెంచువారు చూచియుందురు. చూపునకు అవి గొంగళి పురుగులే. కాని సీతాకోకచిలుక గొంగళికి పొట్టకాళ్లు అయిదు జతలకు మించవు. వీనికి ఎనిమిది జతలు. ఇవి రంపపు ఈగ పిల్లలు. పేరున ఈగయేగాని అది ఈగయు కాదు. ఈగకు రెక్కలు రెండు, దీనికి నాలుగు. తేనెటీగ, కందిరీగ, చీమ దీని చుట్టములు. ఆడది తన తోకనున్న రంపముతో ఆకును కోసి గ్రుడ్డు పెట్టును.

1758లో లిన్నేయస్ పండితుడు వీని నన్నిటిని ఒక గణముగా కూర్చినాడు. పందొమ్మిదవ శతాబ్దమున వచ్చినవారు నడుమును చూచి పాలు పంచినారు: సన్నని నడుము గల కందిరీగ, చీమ, తేనెటీగ ఒక వైపు, నడుము సన్నగిలని రంపపు ఈగలు వేరొక వైపు. చక్కని పంపకమే, కాని వంశము నడుమును బట్టి నడువలేదు. నడుము లేనివానిలో ఒరుస్సిడే అను చిన్న కుటుంబము కలదు. వాని పిల్లలు ఆకు తినవు. కొయ్యలోనున్న ఇతర పురుగుల మీద బ్రదుకును. అవి నడుము గలవారికే దగ్గర చుట్టములను అనుమానము రూపమును పరిశీలించినవారికి ముందే కలిగినది. 2017లో ఒక శాస్త్రజ్ఞుల బృందము 173 జాతుల కీటకములలో 3,256 జన్యువులను పోల్చి దానిని స్థిరపరచినది. ఈ గణము చీలికలు సుమారు 28 కోట్ల యేండ్ల నాడే మొదలైనవనియు, ఇతర కీటకములపై బ్రదుకు వృత్తి దీనిలో ఒక్కమారే పుట్టినదనియు తేలినది. పైరుపురుగును చంపు పరాన్న కందిరీగలన్నియు ఆ వృత్తికి వారసులే.

మరల మిరపకు వత్తము. పేరు తెలిసిన పిదప పని మారినది. పాత పురుగు చోటు లేత ఆకు. క్రొత్తది పూవులో దాగును. ఆకు తడిపిన మందు పూవు లోపలికి చేరదు. నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె, పూతపై నిఘా అను సలహాలు వచ్చినవి. అనుచితముగా కలిపి కొట్టిన మందులకు తామర పురుగును తిను మిత్రకీటకములు చచ్చునని హెచ్చరికయు వచ్చినది.

మనకు చిరపరిచితమైన ఆ లేతపసుపు తామర పురుగు సంగతియు ఇట్లే పరిణమించినది. దక్షిణ భారతమునుండి పోయిన నమూనాలను చూచి 1919లో హుడ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దానికి ఒక పేరు పెట్టినాడు. 2015లో జన్యువులను చదివినప్పుడు ఆ ఒక్క పేరు చాటున తొమ్మిది జాతులకు తక్కువ లేవని తేలినది.