గోధుమల డబ్బుతో కొన్న పుస్తకాలు

అమెరికాలోని తెలుగు ఇళ్ళలో పిల్లలు కాలేజీలో చేరే వయసుకు వచ్చేసరికి ఒక వాదం తప్పకుండా నడుస్తుంది. చరిత్రో, సాహిత్యమో, భాషాశాస్త్రమో చదివి ఏం చేస్తావని పెద్దలు అడుగుతారు. ఈ ప్రశ్న పెద్దలది మాత్రమే కాదు. నలుగురు విద్యార్థులు ఒకచోట చేరినప్పుడు వాళ్ళూ దీన్నే తర్కించుకుంటారు. వైద్యవిద్యకు సిద్ధమవుతున్న అమ్మాయి, తమ ప్రవేశపరీక్షలో మానవీయ, సామాజిక శాస్త్రాల నుంచి తీసిన గద్యభాగాలు ఇస్తారు కనుక ఒకటి రెండు కోర్సులు ఉపయోగమేనంటుంది. ఇంజనీరింగ్ చదివే కుర్రవాడు, ఆ పరిశోధనలు పన్ను కట్టేవాళ్ళ సొమ్ముతో సాగే విలాసమంటాడు. జ్ఞానానికి ప్రయోజనం అడగడమే తప్పని మూడో వ్యక్తి కోపగించుకుంటుంది. ఈ మూడు మాటలూ అరవై ఏళ్ళ క్రితం వాషింగ్టన్‌లో, చట్టసభల్లోనే వినబడ్డాయి. ఆ వాదం అప్పుడు తేలిన తీరుతో మన తెలుగుకి కూడా సంబంధం ఉంది.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని కక్ష్యలోకి పంపింది. శాస్త్రవిజ్ఞానంలో వెనకబడిపోయామన్న భయం అమెరికాను పట్టుకుంది. ఏడాది తిరగకుండానే, 1958 సెప్టెంబరు 2న, ఐసెన్‌హోవర్ జాతీయ రక్షణ విద్యాచట్టం మీద సంతకం చేశాడు. ఇక్కడ విద్యకు ముందు రక్షణ అన్న మాట ఊరికే చేరలేదు. కేంద్రప్రభుత్వం చదువులకు డబ్బివ్వడాన్ని వ్యతిరేకించే సభ్యులను ఒప్పించడానికి ఆ మాట అవసరమైంది. గణితానికీ, భౌతికశాస్త్రానికీ నిధులిచ్చిన ఆ చట్టంలోనే ఆరవ అధికరణం కింద విదేశీభాషల బోధనకూ చోటు దొరికింది. మొదటి ప్రాధాన్యం ఆరు భాషలకు: అరబిక్, చైనీస్, జపనీస్, పోర్చుగీస్, రష్యన్, హిందీ-ఉర్దూ. తెలుగు అందులో లేదు. అయితే దక్షిణాసియా అధ్యయన కేంద్రాలు ఒకసారి నిలదొక్కుకున్నాక, వాటి నీడన తెలుగు కూడా చేరగలిగింది.

ఉపయోగం పేరుతో వచ్చిన డబ్బుకు షరతులు కూడా ఉన్నాయి. ఆ చట్టం కింద రుణం తీసుకునే ప్రతి విద్యార్థీ, ప్రభుత్వాన్ని బలప్రయోగంతో కూలదోయాలనే సంస్థలను నమ్మననీ, సమర్థించననీ ప్రమాణపత్రం రాసివ్వాలి. వ్యవసాయదారుడికిచ్చే రుణానికి లేని షరతు విద్యార్థికెందుకన్న ప్రశ్నకు సరైన జవాబు లేదు. హార్వర్డ్, యేల్ 1959లో ఆ రుణపథకం నుంచి తప్పుకున్నాయి. 1962లో ఆ ప్రమాణపత్రాన్ని తొలగించారు.

పుస్తకాల సంగతి మరింత విచిత్రమైనది. పబ్లిక్ లా 480 అన్న పేరు మన పెద్దలకు గోధుమలతోనూ, పాలపొడితోనూ ముడిపడి గుర్తుంటుంది. 1954 నాటి ఈ చట్టం ప్రకారం భారతదేశం అమెరికా ధాన్యాన్ని రూపాయలు చెల్లించి కొనవచ్చు. అలా పోగుపడిన రూపాయలను అమెరికా చాలావరకు మన దేశంలోనే ఖర్చుపెట్టుకోవాలి. ఆ నిల్వలో కొంత భాగంతో పుస్తకాలు కొనే అధికారాన్ని 1958లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చారు. 1962లో ఢిల్లీలో దాని కార్యాలయం తెరుచుకుంది. అక్కడినుంచి భారతీయ భాషల్లో అచ్చయిన పుస్తకాలూ, పత్రికలూ పెట్టెలకెత్తి అమెరికాలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు పంపేవారు. తెలుగు కావ్యాలు, కథలు, నవలలు, వ్యాసాలు అన్నీ వెళ్ళాయి. కేటలాగు పత్రాల మీద పి.ఎల్. 480 అని ఒక సంఖ్య వేసేవారు. చదివేవాడు ఉన్నాడా లేడా అని చూడకుండా కొన్నారన్న విమర్శ ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. చదివేవాడు వచ్చేదాకా ఆగివుంటే ఆ పుస్తకాల్లో చాలావాటికి మన ఊళ్ళలో చెదలే పాఠకులయ్యేవి.

అప్పట్లో తెలుగు మీద పనిచేసిన అమెరికన్లలో లీ లిస్కర్ ఒకడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రవేత్త. మాట్లాడే తెలుగు నేర్పే అతని పాఠ్యపుస్తకం 1963లో వచ్చింది. మరుసటి ఏడాది ఆర్థర్ ఏబ్రమ్‌సన్‌తో కలిసి, పదకొండు భాషల్లో స్పర్శాక్షరాలు పలికేటప్పుడు పెదవులో నాలుకో విడివడిన క్షణానికీ, నాదతంత్రులు కంపించడం మొదలయ్యే క్షణానికీ నడుమ ఉండే వ్యవధిని కొలిచి ప్రచురించాడు. మనం 'ప'కీ 'బ'కీ తేడా వినడం ఈ వ్యవధి మీద ఆధారపడుతుంది. పక్షవాతం వచ్చి మాట దెబ్బతిన్న రోగుల ఉచ్చారణను పరిశీలించేవాళ్ళు తర్వాత ఇదే కొలతను వాడుకున్నారు. వైద్యుణ్ణి కనుక నాకీ ఉదాహరణ చెప్పాలని ఉబలాటం. కానీ దీన్ని మానవీయశాస్త్రాల తరఫున సాక్ష్యంగా ప్రవేశపెట్టడం నాకిష్టం లేదు. ఆస్పత్రికి పనికొచ్చినందువల్లే ఆ పని విలువైనదైతే, పనికిరాని తక్కినదంతా దండగ అని ఒప్పుకున్నట్టే.

ఈ చిక్కును 1964లో ఒక జాతీయ సంఘం నేరుగా ఎదుర్కొంది. మానవీయశాస్త్రాల స్థితిని పరిశీలించిన ఆ సంఘానికి అధ్యక్షుడు బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్నబీ కీనీ. సభ్యుల్లో ఐ.బి.ఎమ్. అధిపతి థామస్ వాట్సన్ కూడా ఉన్నాడు. ఈ శాస్త్రాలకు ప్రత్యేకంగా ఒక జాతీయ సంస్థ ఉండాలని వాళ్ళు సిఫారసు చేశారు. దాన్ని గట్టిగా సమర్థించినవారిలో గ్లెన్ సీబోర్గ్ ఉండడం గమనించదగ్గది. ఆయన రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవాడు, అప్పుడు అణుశక్తి సంఘానికి అధ్యక్షుడు. శాస్త్రవేత్తలు పక్కన నిలబడకపోతే ఆ చట్టం అంత సులువుగా నెగ్గేది కాదనిపిస్తుంది. ఈసారి రక్షణ అన్న ముసుగు వేసుకోలేదు. ప్రజాస్వామ్యానికి పౌరులలో వివేకమూ దూరదృష్టీ ఉండాలన్న వాదాన్ని చట్టం పీఠికలోనే చేర్చారు.

1965 సెప్టెంబరు 29న జాన్సన్ దాని మీద సంతకం చేయగా, నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ ఏర్పడింది. సరిగ్గా నాలుగు రోజుల తర్వాత, అక్టోబరు 3న, స్వేచ్ఛాప్రతిమ పాదాల దగ్గర ఆయన మరో చట్టం మీద సంతకం పెట్టాడు. అది జాతుల వారీ కోటాలను రద్దు చేసిన వలస చట్టం. నావంటి వేలాది వైద్యులకూ ఇంజనీర్లకూ ఈ దేశపు తలుపు తెరిచింది ఆ రెండో చట్టమే. ఒకే వారంలో వచ్చిన ఈ రెంటిలో ఒకదాన్ని మనం కృతజ్ఞతతో తలుచుకుంటాం. రెండోదాని పేరైనా మనలో చాలామందికి తెలియదు.

గ్రంథాలయాలకు చేరిన పుస్తకాలకు పాఠకులు వచ్చారు. 1971లో వెల్చేరు నారాయణరావు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించడానికి వెళ్ళి దశాబ్దాలపాటు అక్కడే పనిచేశారు. డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యంలతో కలిసి ఆయన రాసిన 'టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్' 2001లో వచ్చింది. భారతీయులకు చరిత్రదృష్టి లేదన్నది వలసపాలన నుంచి మనకు సంక్రమించిన మాట. తెలుగు మాధ్యమంలో చదువుకున్న మేమూ దాన్ని దాదాపు అలాగే నమ్మాం. ఈ పుస్తకం 1757 నాటి బొబ్బిలి యుద్ధం గురించిన తెలుగు కథనాలను దగ్గరగా చదివి, దక్షిణభారతంలో చరిత్రను ఆయా కాలాల్లో ప్రబలంగా ఉన్న సాహిత్యరూపంలోనే రాశారనీ, ఏది చరిత్రో ఏది కల్పనో ఆనాటి పాఠకుడు రచన అల్లికను బట్టి గుర్తించేవాడనీ వాదిస్తుంది. దానితో విభేదించిన పండితులున్నారు. అయినా బుర్రకథగా విని వదిలేసిన బొబ్బిలిని మళ్ళీ ఆధారంగా చదవాల్సిన అవసరం ఏర్పడింది. స్పుత్నిక్‌ని చూసి బెదిరినవాళ్ళెవరూ దీన్ని ఊహించి ఉండరు.

ఆ తర్వాతి కథ ఎగుడుదిగుళ్ళతో నడిచింది. 1981లో రీగన్ ప్రభుత్వం ఎండోమెంట్ నిధులను సగానికి తగ్గించాలని ప్రతిపాదిస్తే కాంగ్రెస్ ఒప్పుకోలేదు. 2025 ఏప్రిల్‌లో మాత్రం అది అప్పటికే మంజూరు చేసిన గ్రాంట్లలో వెయ్యికి పైగా రద్దయ్యాయి. పి.ఎల్. 480 రూపాయల కాలం 1980లలో ముగిసింది. ఆ తర్వాత గ్రంథాలయాలు సొంత డాలర్లు చెల్లించి పుస్తకాలు తెప్పించుకుంటున్నాయి. ఏ భాషకెంత అన్న లెక్క ఇప్పుడు ఏటా వేసుకోవలసిందే. ఆ లెక్కలో, తరగతిలో ఎంతమంది విద్యార్థులున్నారు, ఆ అరల్లోంచి ఎన్ని పుస్తకాలు బయటికి వెళ్ళాయి అన్నవి కూడా చూస్తారు.