రిత్విక్‌లో యజమాని

ఈ కాలపు అంగన్‌వాడీల్లో, నర్సరీల్లో రిత్విక్ అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు తలలెత్తుతారు. ఇది ఋత్విక్కే. ‘ఋతు’, ‘యజ్’ కలిసి, తగిన కాలంలో యజ్ఞం చేయించేవాడని అర్థం. హోత, అధ్వర్యుడు, ఉద్గాత, బ్రహ్మ ఋత్విక్కుల్లో ముఖ్యులు. సోమయాగానికి పదహారు మంది కావాలి. అంటే ఇది ఒక వృత్తి పేరు, అదీ దక్షిణ పుచ్చుకునే పక్షం. దక్షిణ ఇచ్చేవాడు యజమాని; ఆ మాటదీ ‘యజ్’ ధాతువే. సోమయాజులు కూడా ఈ ఇంటివాడే, పాతబడ్డాడని ఎవరూ పెట్టుకోరు! ఋషిని రుషి అనే తెలుగు నోటికి ‘రి’ ఉత్తరాది ఉచ్చారణ నుంచి, ఇంగ్లీషు స్పెల్లింగు నుంచి వచ్చింది. ఆడపిల్లకు ‘రిత్విక’ మరీ విడ్డూరం: ఇక్కడి ‘క్’ యజ్‌లోని ‘జ్’ మారిన రూపం, రాధికలోని ‘ఇక’ కాదు. ఇంతమందికి ఒకే పేరా అంటే, పూర్వం వీధికో వెంకటేశ్వర్లు లేడా అంటారు. ఉన్నాడు, ఆ పేరు మొక్కుకో, తాతకో చెల్లించిన బాకీ. ఇప్పటివాళ్లు ఎవరికీ లేని పేరు కావాలని వెతికి మరీ అందరూ రిత్విక్ దగ్గరే ఆగుతున్నారు. పేరుకు అర్థమెందుకనే వాదన సబబే, కానీ అర్థం చూసే పెట్టామనేదీ వాళ్లే.