తుపాకి, పెట్టె, తాళపుచెవి



మన పల్లెలలో ఇంట తుపాకి యుండుట అరుదే గాని, లేకపోలేదు. అడవిపందుల బాధ గల ఊళ్ళలో పంటకాపునకై లైసెన్సు పొందినవారు కొందరు గలరు. తండ్రితాతల తుపాకిని సర్కారు అనుమతితో తమ పేరికి మార్పించుకొన్నవారు మరికొందరు గలరు. అట్టివారి యిండ్లకు పోయినపుడు తుపాకి యెట్టిదని నేనడుగను. అది యెక్కడ నుండునని యడుగుదును. గోడమేకునకు వ్రేలాడు దానిని చూచితిని. మంచము క్రింద నొదిగిన దానిని చూచితిని. గాదె వెనుక నిలువబెట్టిన దానిని చూచితిని. ఆ ప్రక్కనే గూటిలో తూటాల డబ్బా యుండును. ఇదేమని యడిగిన, "ఇనుపపెట్టె కొనుటకు మాకు శక్తి యెక్కడిది?" అని బదులు వచ్చును.

ఆ మాటకు చరిత్ర యేమి బదులు చెప్పునో నేడు మీకు విన్నవింపదలచితిని. చరిత్ర చెప్పు మాట యొక్కటే. ఆయుధమును కాపాడునది పెట్టె వెల గాదు. ఆయుధ మొకచోట, మందు వేరొకచోట, తాళపుచెవి నమ్మకమైనవారి చేత నుండుటయే దాని కాపుదల.

మొదట మన దేశపు ప్రాచీనగ్రంథమును చూతము. కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము మరుగున పడియుండి, మైసూరులో శ్యామశాస్త్రిగారి చేతికి 1905లో చిక్కి, 1909లో అచ్చయ్యెను. అందు ఆయుధాగారాధ్యక్షుడను ఉద్యోగి యొకడు గలడు. ఆయుధము ఏ జాతిది, ఏ కొలతది, ఎక్కడనుండి వచ్చినది, దాని వెల యెంత, అది యెక్కడ నున్నది అను సంగతులన్నియు వాడెరిగి యుండవలెను. ఆయుధములను తరచుగా చోటు మార్చి, ఎండకును గాలికిని పెట్టవలెను. ఉక్కకు, చెమ్మకు, పురుగునకు లోనగువానిని వేరుగా నుంచవలెను. ఇది కత్తులు, విండ్లు, ఈటెలు మాత్రమే యున్న కాలపు మాట. అయినను లెక్క, తావు, చెమ్మ అను మూడింటిని అతడు మరువలేదు. నేడు తుపాకి గలవాడు మొదట నేర్వవలసినవియు నివియే.

తరువాత తుపాకిమందు వచ్చెను. కత్తి యెన్నాళ్ళు ఒరలో నున్నను తనంత తాను ఎవరిని చంపదు. మందు అట్టిది గాదు. ఒక్క నిప్పురవ్వతో కోటనే కూల్చును. కావున కోటలు కట్టినవారు ఆయుధశాలను ఒకచోటను, మందుకొట్టును వేరొకచోటను కట్టసాగిరి. శ్రీరంగపట్టణమున టిప్పు సుల్తాను కాలపు మందుకొట్లు నేటికిని పలుతావుల నిలిచియున్నవి. వానిని నేలలోనికి కొంత దించి, ఇటుకతోను గచ్చుతోను దిట్టముగా కట్టిరి. 2017లో రైలుదారికి రెండవ వరుస వేయునపుడు వానిలో నొకదానిని కూల్చుటకు మనసొప్పక, కట్టడమును కట్టడముగనే లేవనెత్తి ప్రక్కకు జరిపిరి. మందును ఆయుధమునుండి వేరుచేయవలెనను పాఠమును మొదట నేర్పినది అగ్నిభయము.

ఇక తాళపుచెవి సంగతి. 1538లో ఇంగ్లండు దేశమున ప్రతి చర్చిలోను జ్ఞానస్నానములు, పెండ్లిండ్లు, ఖననములు వ్రాయు పుస్తకమొకటి యుంచవలెనని ఆజ్ఞ వెలువడెను. ఆ పుస్తకమును దాచు పెట్టెకు తాళములు రెండు. ఒక చెవి మతగురువు చేతను, రెండవది చర్చిపెద్దల చేతను ఉండవలెను. ఇద్దరును కలిసినగాని పెట్టె తెరువబడదు. మన జిల్లా ఖజానాలలో డబుల్ లాకు అని పిలువబడు పద్ధతియు నిట్టిదే. అచ్చటను చెవులు ఇద్దరు ఉద్యోగుల చేతులలో నుండును. ఇందు ఇనుము కంటె ఇద్దరు మనుష్యుల ఒడంబడికయే పెద్ద కావలి.

తాళము మాత్రమే చాలునని నమ్మినవారును లేకపోలేదు. 1784లో లండనులో బ్రామా అనునతడు క్రొత్తరకపు తాళమునకు పేటెంటు పొందెను. చెవి లేకుండ దీనిని తీసినవారికి 200 గినీలు బహుమాన మిత్తునని 1790లో తన అంగడిలో ఒక తాళమును పెట్టించెను. అరువది యేండ్లు దానిని తీసినవాడు లేడు. 1818లో జెరెమయా చబ్ అనునతడు, దొంగచెవి పెట్టిన సంగతిని యజమానునికి తెలియజేయు తాళమును కనిపెట్టెను. తుదకు 1851లో లండను మహాప్రదర్శనమునకు వచ్చిన హాబ్స్ అను అమెరికా తాళపుపనివాడు చబ్ తాళమును అరగంట లోపలనే తీసెను. బ్రామా తాళమును పదునారు దినములలో మొత్తము 51 గంటలు శ్రమించి తీసెను. తీయరాని తాళము లేదని నాడు లోకము తెలిసికొనెను. తాళము ఇచ్చునది కాలవ్యవధి మాత్రమే. ఆ వ్యవధిని ఎట్లు వాడుకొందుమన్నది మన యేర్పాటును బట్టి యుండును.

వెల గల వస్తువే గట్టి వస్తువను తలంపును కూడ చరిత్ర ఒప్పుకొనదు. 1861లో అమెరికాలో లైనస్ యేల్ పేటెంటు పొందిన తాళపు సూత్రము నేడు లోకమంతట ఇండ్ల తలుపులకు వాడుకలో నున్నది. దాని మూలము ప్రాచీన ఈజిప్టు దేశపు కొయ్యతాళము. అందు చిన్న కొయ్యమేకులు పైనుండి జారి గడియను పట్టుకొనును. పండ్లు గల కొయ్యచెవితో వానిని పైకెత్తిన గడియ కదలును. ఇదంతయు వడ్రంగి చేతిపనియే. మన దేశమున అర్దేశిర్ గోద్రెజ్ గారు బొంబాయిలో 1897లో తాళముల పనియు, 1902లో ఇనుపపెట్టెల పనియు ప్రారంభించిరి. అంతకు పూర్వము మన పెద్దలు సొమ్ము దాచుకొనినది టేకు భోషాణములలోనే గదా!

ఇప్పుడు తుపాకుల కథకే వత్తును. 1878లో లిట్టను ప్రభువు కాలమున ఆయుధముల చట్టము పుట్టి, లైసెన్సు లేక భారతీయుడు తుపాకి పట్టరాదని శాసించెను. నాటినుండి సర్కారు తుపాకులు ఠాణాలలో పోగుపడెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడెను. ఆ మూడు దినములలో 26 తుపాకులును, రమారమి రెండున్నర వేల తూటాలును ఆయన చేజిక్కెను. తీసికొనిపోయిన సామగ్రిని ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసిన ధీరుడాయన! ఆయన త్యాగమును ఇచ్చట తూచుట నా పని గాదు. తుపాకులును తూటాలును ఒకే కప్పు క్రింద నున్నందున రెండును ఒక్కమారే చేయి మారెనను సంగతి మాత్రమే మనము గమనింపవలసినది.

దీనికి ఎదురు దృష్టాంతము బెంగాలులో గలదు. 1930 ఏప్రిల్ 18 రాత్రి సూర్యసేను నాయకత్వమున యువకులు చిట్టగాంగు ఆయుధాగారములపై పడిరి. ఒక దళము పోలీసు ఆయుధాగారమును, ఇంకొక దళము సహాయకసేన ఆయుధాగారమును పట్టుకొనెను. రెండవదానిలో లూయీ మరతుపాకులు దొరకెను; వానికి తగిన తూటాలు మాత్రము దొరకలేదు. తూటాలు వేరుచోట నుండెను. నాలుగు దినముల తరువాత జలాలాబాదు కొండపై పోరాడునపుడు ఆ మరతుపాకులు వారికి అక్కరకు రాలేదు. అంత సాహసికులు, అంత యోచన చేసినవారు, ప్రాణములకు తెగించినవారు! అట్టివారికే మందు లేని తుపాకి ఉత్త ఇనుపకడ్డీ యయ్యెను. గోడలు ఆపలేని దానిని ఆ యెడబాటు ఆపెను.

స్వతంత్రభారతమున 1959లో క్రొత్త ఆయుధముల చట్టము వచ్చెను. 2016 నాటి నియమావళి తుపాకిని, తూటాలను భద్రముగా దాచు బాధ్యతను లైసెన్సుదారుని మీద నుంచినది. 2019 సవరణతో ఒక్కని వద్ద నుండదగిన తుపాకులు మూడు గాక రెండే యైనవి.

చట్టము సరే. ఇల్లు ఏమి చెప్పును? అమెరికాలో అనేక గృహములను పరిశీలించి 2005లో వైద్యపత్రికలో ప్రకటించిన విచారణ యొకటి గలదు. తుపాకిని తూటా లేకుండ నుంచుట, దానికి తాళము వేయుట, తూటాలకు తాళము వేయుట, తూటాలను వేరుచోట నుంచుట అను నాలుగు అలవాట్లను వారు పరిశీలించిరి. ఈ నాలుగింటిలో ప్రతి యొక్కటియు గల యిండ్లలో పిల్లలు తుపాకివలన గాయపడుటయు, యువకులు తమ ప్రాణము తామే తీసికొనుటయు తక్కువగా కనబడెను. దొంగ యేటికొకమారైన వచ్చునో రాడో. బిడ్డ చేయి మాత్రము ప్రతిదినము ఇంటిలోనే తిరుగును. కోపము, దుఃఖము క్షణములో పొంగి క్షణములో తగ్గునవి. ఆ క్షణమును దాటించుటకు ఒక తాళమును, వేరు గదికి నడువవలసిన నాలుగడుగులును చాలును.

కావున పల్లెలోనే, మన వడ్రంగిచేతను కమ్మరిచేతను చేయించుకొనదగిన పెట్టె యెట్లుండవలెనో చెప్పెదను. అంగుళమున్నర మందము గల టేకుపలకగాని మద్దిపలకగాని తీసికొని కుసులు బిగింపవలెను. పాత భోషాణపు పలకయైనను పనికివచ్చును. తలుపు బందులు లోపలివైపున నుండవలెను. బయట నున్నచో దొంగ తాళము జోలికి పోక బందునే ఊడదీయును. అడ్డముగా రెండు ఇనుపపట్టీలు వేసి, బోల్టుల గుండ్రని తలలు వెలుపలకును, నట్టులు లోపలకును వచ్చునట్లు బిగింపవలెను. లోపలినుండి పెద్ద బోల్టులతో పెట్టెను గోడకు పట్టింపవలెను. ఎత్తుకొనిపోదగిన పెట్టె పెట్టె గాదు, మూట! తాళములు రెండు వేరువేరు చెవులవై యుండవలెను. ఆ రెండు చెవులను లైసెన్సుదారుడు తన యధీనముననే వేర్వేరు తావుల దాచుకొనవలెను. తుపాకిని తోలు ఒరతో లోపల పెట్టరాదు. తోలు చెమ్మ పట్టి ఇనుమునకు తుప్పు తెచ్చును. తేమ పీల్చు సిలికా జెల్ పొట్లములు నాలుగు లోపల వేసి, అప్పుడప్పుడు మార్చవలెను. తూటాలకు వేరు గదిలో, పొయ్యికి దూరముగా, తాళము గల చిన్నపెట్టె యుండవలెను. తుపాకిని లోపల పెట్టునపుడు అది ఉత్తదేనని రెండుమారులు చూచుకొనవలెను. పని ముగిసిన పిమ్మట మీ లైసెన్సు షరతులకు ఈ యేర్పాటు సరిపోవునో లేదో ఠాణాలో కనుగొనుట మేలు.

కొయ్యపెట్టె అగ్నికి నిలువదు. తీరికగా గొడ్డలి వేయువానికిని నిలువదు. ఇది నిజము. అయినను గోడమేకునకు వ్రేలాడు తుపాకికిని, ఈ పెట్టెలోని తుపాకికిని నడుమ నున్న అంతరము ఒక బిడ్డ ప్రాణమంత. కౌటిల్యుని లెక్క, కోటలవారి దూరము, ఖజానావారి రెండు చెవులు — ఈ మూడును కొన్ని పలకలలో, పిడికెడు మేకులలో ఇముడును.

ఊరి పెద్దలైన మీరు తుపాకి గల యింటికి పోయినపుడు దాని సొగసు నడుగక, దాని తావు నడుగుడు. తూటాలెక్కడ అని యడుగుడు. చెవి యెవరి చేత నున్నదని యడుగుడు. ఈ మూడు ప్రశ్నలకును తగిన బదులు వచ్చిన యిల్లు భద్రమైన యిల్లు.