దోఆబ్, నడిగడ్డ

రెండు నదుల నడుమనున్న భూభాగాన్ని ఇంగ్లిషు భూగోళ పుస్తకాలు 'దోఆబ్' అంటాయి. ఈ మాట పారసీకం నుంచి హిందుస్తానీ మీదుగా ఇంగ్లిషులో చేరింది. 'దో' అంటే రెండు, 'ఆబ్' అంటే నీరు. అయిదు నదుల పంజాబులోనూ, ఎక్సైజు శాఖకు తెలుగువారు చిరకాలంగా వాడుతున్న ఆబ్కారీలోనూ ఉన్నది ఈ ఆబే, సంస్కృతంలో నీటిని చెప్పే 'అప్' శబ్దం దీనికి తోబుట్టువు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు దోఆబ్ కోసం విజయనగర, బహమనీ రాజ్యాలు తరతరాలుగా పోరాడాయి. దాని తూర్పు కొసన ఉన్న గద్వాల, అలంపురం ప్రాంతాల వారు మాత్రం తమ నేలను నడిగడ్డ అంటారు. ఇక్కడి 'నడి' నది కాదు, నడిరేయి, నడివీధి మాటల్లో వలె మధ్య అని అర్థం. 'గడ్డ' అంటే నేల. పారసీకం నీటిని లెక్కపెట్టగా తెలుగు నేలను చెప్పింది కనుక, దోఆబ్‌ను బడిపిల్లలకు నేర్పేటప్పుడు నడిగడ్డతోనే మొదలుపెట్టడం మేలు. బీచుపల్లి వంతెన మీదుగా కృష్ణ దాటితే నడిగడ్డ ముగుస్తుంది. వనపర్తి, నాగర్‌కర్నూలు నదికి ఉత్తరాన ఉన్నందున, 2016 అక్టోబరు 11న అవి గద్వాలతో పాటు ఒకేరోజు జిల్లాలైనా, ఆ పేరు గద్వాలకే చెల్లుతుంది.