బెంగాల్‌లో లేని బెంగాలీ సరిహద్దు జిల్లా: ఉత్తర, మధ్య అండమాన్

బెంగాలీ సరిహద్దు జిల్లా అనగానే ఉత్తర 24 పరగణాలు, నదియా, ముర్షిదాబాద్ వంటి పేర్లు స్ఫురిస్తాయి. కోల్‌కతాకు సముద్రం మీదుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో అటువంటిదే మరొక జిల్లా ఉంది. అక్కడి నివాసుల్లో సగానికి పైగా ప్రజల మాతృభాష బెంగాలీ. దాని ఉత్తరపు అంచున ఒక అంతర్జాతీయ సరిహద్దు కూడా ఉంది. అయితే ఆ సరిహద్దుకు అవతల ఉన్నది బంగ్లాదేశ్ కాదు, మయన్మార్. అదే అండమాన్, నికోబార్ దీవుల్లోని ఉత్తర, మధ్య అండమాన్ జిల్లా.

ఈ జిల్లాకు రెండు సరిహద్దులతో సంబంధం ఉంది. ఒకటి దాని ఉత్తరాన సముద్రంలో ఉన్నది. రెండోది 1947లో బెంగాల్‌ను రెండుగా చీల్చినది. జిల్లా నేటి రూపానికి, భాషకు, ఊళ్ల పేర్లకు మూలం ఆ రెండో సరిహద్దే.

భౌగోళిక స్వరూపం

పూర్వపు అండమాన్ జిల్లాను విభజించి 2006 ఆగస్టు 18న ఈ జిల్లాను ఏర్పాటు చేశారు. దీని పరిపాలన కేంద్రం మాయాబందర్. దిగ్లీపుర్, మాయాబందర్, రంగత్ అనే మూడు తహసీళ్లు ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం జనాభా 1,05,597. వీరిలో అత్యధికులు గ్రామవాసులే.

ఉత్తర అండమాన్, మధ్య అండమాన్ అనే రెండు పెద్ద దీవులు జిల్లాకు ప్రధాన భాగాలు. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని ఆస్టిన్ జలసంధిపై చెంగప్ప వంతెన నిర్మించారు. వీటి చుట్టూ అనేక చిన్న దీవులు ఉన్నాయి. భూభాగంలో అధికభాగం సతతహరితారణ్యాలు, తీరం వెంబడి మడ అడవులు. దిగ్లీపుర్ సమీపంలోని సాడిల్ పీక్ 732 మీటర్ల ఎత్తుతో అండమాన్ దీవుల్లోకెల్లా ఎత్తైన శిఖరం. దాని వాలులలో పుట్టే కల్పొంగ్ నదిపై 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. ఈ దీవుల్లో నిర్మించిన మొదటి జలవిద్యుత్ కేంద్రం ఇదే.

దిగ్లీపుర్ ప్రాంతంలోని రామ్‌నగర్, కాలీపుర్ తీరాలకు, రంగత్ వద్ద ఉన్న కత్‌బర్ట్ బే తీరానికి సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టేందుకు వస్తాయి. రాస్, స్మిత్ అనే జంట దీవులను కలిపే ఇసుక తిన్నె ఆటు సమయంలో బయటపడి, పోటు సమయంలో మునిగిపోతుంది. తూర్పున దూరంగా ఉన్న నార్కొండాం అగ్నిపర్వత ద్వీపం, ప్రపంచంలో మరెక్కడా కనిపించని నార్కొండాం హార్న్‌బిల్ పక్షికి ఏకైక ఆవాసం.

ఇది తీవ్ర భూకంపాల మండలం. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో నికోబార్ తీరాలు కుంగి సముద్రంలో మునిగిపోగా, ఉత్తర అండమాన్‌లో అందుకు విరుద్ధంగా నేల పైకి లేచింది. పగడపు దిబ్బలు నీటి పైకి వచ్చి చనిపోయాయి. పోటు నీరు అందని చోట్ల మడ చెట్లు ఎండిపోయాయి.

సముద్రంలోని సరిహద్దు

అండమాన్ ద్వీపమాలికకు ఉత్తర కొనన ఉన్నది లాండ్‌ఫాల్ ద్వీపం. అక్కడినుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో మయన్మార్‌కు చెందిన కోకో దీవులు మొదలవుతాయి. మధ్యలో ఉన్నది కోకో జలసంధి. రెండు దేశాల మధ్య సముద్ర సరిహద్దును నిర్ణయిస్తూ 1986 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. అది 1987లో అమల్లోకి వచ్చింది.

ఇక్కడ కంచె లేదు, సరిహద్దు రాయి లేదు, దాటి వెళ్లే ద్వారం లేదు. సరిహద్దు ఉనికి సామాన్యుడికి తెలిసేది గస్తీ నౌకల ద్వారానే. దిగ్లీపుర్ సమీపంలోని శిబ్‌పుర్ వద్ద ఉన్న నౌకాదళ వైమానిక స్థావరాన్ని 2019 జనవరిలో ఐఎన్ఎస్ కోహసా పేరుతో నౌకాదళంలోకి లాంఛనంగా చేర్చారు. శిబ్‌పుర్ అనే పేరు బెంగాలీ శరణార్థుల ఊళ్ల పేర్ల కోవలోనిదే. విభజన వల్ల ఏర్పడిన పల్లెల నడుమ నేడు మరో సరిహద్దును కాపాడే స్థావరం నిలిచింది.

తొలి నివాసులు

ఈ నేలకు తొలి హక్కుదారులు గ్రేట్ అండమానీయులు. వారిలో ఉత్తర అండమాన్ తెగలు ప్రధానంగా నాలుగు: జెరు, బో, ఖోరా, కారి. ఒక్కో తెగకు ఒక్కో భాష ఉండేది. సాడిల్ పీక్ శిఖరాన్ని పులుగ అనే దైవానికి నివాసంగా ఆదివాసులు భావించేవారని 19వ శతాబ్దపు రచనలు నమోదు చేశాయి.

1858లో బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం నెలకొల్పిన తరువాత, బయటినుంచి వచ్చిన వ్యాధులు ఈ తెగలను తుడిచిపెట్టాయి. ఒకనాడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 2011 జనాభా లెక్కల్లో 44 మంది. మిగిలినవారిని 1970 ప్రాంతంలో స్ట్రెయిట్ ద్వీపానికి తరలించారు. బో భాష మాట్లాడగలిగిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరి 26న మరణించారు. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి ఆమె మాటలను, పాటలను రికార్డు చేశారు. బో భాష ఇప్పుడు ఆ రికార్డుల్లోనే ఉంది.

మధ్య అండమాన్ పశ్చిమ భాగం జరావాలది. దక్షిణ, మధ్య అండమాన్‌లలో విస్తరించిన జరావా అభయారణ్యం విస్తీర్ణం 1,028 చదరపు కిలోమీటర్లు. 1990ల చివరి వరకు బయటి ప్రపంచానికి దూరంగా మసలిన ఈ తెగ జనసంఖ్య 2011లో 380.

వలస పాలన కాలం

బ్రిటిష్ వారు 1789లో దక్షిణ అండమాన్‌లో తొలి స్థావరం ఏర్పరిచారు. 1792లో దానిని ఉత్తర అండమాన్ ఈశాన్య తీరంలోని రేవుకు మార్చి పోర్ట్ కార్న్‌వాలిస్ అని పిలిచారు. జ్వరాలు, మరణాలు పెరగడంతో 1796లో ఖాళీ చేశారు. తొలి ఆంగ్లో-బర్మా యుద్ధ సమయంలో, 1824లో, రంగూన్‌పైకి వెళ్లిన నౌకలు ఈ రేవులోనే కూడుకున్నాయి. ఆ తరువాత ఉత్తరాది దీవులు చాలాకాలం కలప కోతకే పరిమితమయ్యాయి.

అడవుల పనికోసం రెండు సమూహాలు వచ్చాయి. 1918 నుంచి ఛోటానాగ్‌పుర్ పీఠభూమికి చెందిన ఒరావ్, ముండా, ఖరియా కూలీలను తీసుకువచ్చారు. బయలుదేరిన ఊరును బట్టి వారిని నేటికీ ‘రాంచీ’ వారు అనే పిలుస్తారు. 1925లో బర్మా నుంచి కరెన్ క్రైస్తవ కుటుంబాలు వచ్చి మాయాబందర్ వద్ద వెబీ గ్రామాన్ని స్థాపించాయి.

విభజన, పునరావాసం

దేశ విభజన తరువాత తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది హిందువులు పశ్చిమ బెంగాల్‌కు తరలివచ్చారు. అందరికీ భూమి చూపడం ఆ రాష్ట్రానికి సాధ్యం కాలేదు. కొందరిని అండమాన్‌కు పంపాలన్న ప్రతిపాదనను ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ బలపరిచారు. వామపక్షాలు వ్యతిరేకించాయి. ‘కాలాపానీ’ అన్న మాటే శరణార్థులను భయపెట్టేది. 1949లో తొలి బృందాలు దక్షిణ అండమాన్‌లో దిగాయి. 1950లలో పునరావాసం రంగత్, మాయాబందర్, దిగ్లీపుర్‌ల దిశగా విస్తరించింది.

ఒక్కో కుటుంబానికి సుమారు పదెకరాలు కేటాయించారు. అందులో సగం వరి పండే పల్లపు నేల, మిగతాది మెట్ట. ఆ పల్లపు నేల కూడా అప్పటికి అడవే. వచ్చినవారిలో అత్యధికులు నమశూద్రులు. బరిసాల్, ఖుల్నా, ఫరీద్‌పుర్, జెస్సోర్ వంటి నదీ ప్రాంతాల వ్యవసాయదారులు. బల్లపరుపు వరి మళ్లలో పుట్టి పెరిగినవారు కొండల నడుమ, జలగలు నిండిన అడవిలో తిరిగి వరి మళ్లు తయారు చేయవలసివచ్చింది.

ఇదే కాలంలో కేరళ నుంచి, తమిళనాడు నుంచి కూడా కుటుంబాలను రప్పించి స్థిరపరిచారు. దిగ్లీపుర్ పరిసరాల్లోని కేరళాపురం అందుకు గుర్తు.

తెలుగు పాఠకులకు ఈ చరిత్ర పూర్తిగా అపరిచితమేమీ కాదు. 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద ఆంధ్ర సరిహద్దున ఉన్న మల్కన్‌గిరిలోను, తరువాత తెలంగాణలోని కాగజ్‌నగర్ పరిసరాల్లోను తూర్పు బెంగాల్ శరణార్థులు స్థిరపడ్డారు. అండమాన్ కథ ఆ వరుసలో మొదటిది.

ఊళ్ల పేర్లలో చరిత్ర

ఈ జిల్లా పటాన్ని చూస్తే పేర్లే చరిత్ర చెబుతాయి. దిగ్లీపుర్ చుట్టూ సుభాష్‌గ్రామ్, ఖుదీరాంపుర్, దేశబంధుగ్రామ్, విద్యాసాగర్‌పల్లి ఉన్నాయి. ఇవి బెంగాలీ మహనీయుల పేర్లు. కాలీఘాట్ కోల్‌కతాను తలపిస్తుంది. నిశ్చింతపుర్ అంటే చింత లేని ఊరు. మిలన్‌గ్రామ్ అంటే కలయిక ఊరు. మధ్య అండమాన్‌లో కదమ్‌తలా, బకుల్‌తలా, నింబూతలా ఉన్నాయి. ‘తలా’ అంటే చెట్టు కింది చోటు. కదంబం, పొగడ, నిమ్మ నీడల పేరిట వెలసిన ఊళ్లు అవి.

రంగత్ పరిసరాల పేర్లు తెలుగువారిని ఒక్క క్షణం ఆపుతాయి. పంచవటి, పర్ణశాల, శబరి, దశరథ్‌పుర్, కౌసల్యానగర్, ఊర్మిళాపుర్. భద్రాచలం దగ్గరి పర్ణశాల, గోదావరిలో కలిసే శబరి నది ఎరిగినవారికి ఇవి సొంత ఊళ్ల పేర్లలాగే వినిపిస్తాయి. పేర్లు పెట్టినవారి ఉద్దేశం ఏదైనా, ఇల్లు విడిచి అడవికి వచ్చినవారి ఊళ్లకు వనవాస గాథ పేర్లు అమరాయి. అయితే ఆ గాథలో పద్నాలుగేళ్ల తరువాత అయోధ్యకు తిరిగి వెళ్లడం ఉంది, వీరికి ఆ అవకాశం లేదు.

ఈ పేర్లు వెలసిన చోట అంతకుముందు పేర్లు లేకపోలేదు. కొండకు, వాగుకు, రేవుకు ఆదివాసీ భాషల్లో పేర్లు ఉండేవి. ఆ భాషలతో పాటే అవీ ప్రభుత్వ పటాల బయట ఉండిపోయాయి.

సమాజం, సంస్కృతి

దుర్గాపూజ, కాళీపూజ, సరస్వతీ పూజ ఇక్కడి ప్రధాన ఉత్సవాలు. పాములకు అధిదేవత అయిన మనసాదేవిని కొలిచే సంప్రదాయం తూర్పు బెంగాల్ నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో ఫరీద్‌పుర్ ప్రాంతంలో హరిచంద్ ఠాకూర్ నెలకొల్పిన మతువా సంప్రదాయానికి ఇక్కడ గట్టి అనుయాయులు ఉన్నారు. డప్పుల మోతతో సాగే సామూహిక కీర్తన దాని ప్రత్యేకత. ఇళ్లలో వినిపించే బెంగాలీలో కోల్‌కతా యాస కంటే తూర్పు బెంగాల్ మాండలికాల ఛాయలే ఎక్కువ.

జిల్లా ఏకభాషా ప్రాంతం మాత్రం కాదు. రాంచీ కుటుంబాల్లో కురుఖ్, సాద్రీ, వెబీ పరిసరాల్లో కరెన్ వినిపిస్తాయి. దీవులన్నిటా కలిపి 2011లో బెంగాలీ మాతృభాషగా గలవారు 28 శాతానికి పైగా ఉండగా, తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, కూలి పనులకు వచ్చి స్థిరపడినవారు వీరిలో అధికం. ఈ జిల్లా రేవుల్లోనూ వీరు కనిపిస్తారు. తెలుగు జాలరి, బెంగాలీ రైతు సంతలో మాట్లాడుకునేది అండమాన్ హిందీ. వ్యాకరణ నియమాలు సడలి, అన్ని భాషల పదాలకూ చోటిచ్చిన వాడుక భాష అది.

జీవనం, రవాణా

వరి, పోక, కొబ్బరి, పప్పుధాన్యాలు, కూరగాయలు ఇక్కడి ప్రధాన పంటలు. దీవుల ధాన్యాగారంగా దిగ్లీపుర్‌కు పేరు. చేపల వేట, పర్యాటకం తరువాతి ఆధారాలు. రాజధాని శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్) నుంచి దిగ్లీపుర్‌కు అండమాన్ ట్రంక్ రోడ్డు మీదుగా 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఈ రహదారి జరావా అభయారణ్యం గుండా సాగుతుంది. అక్కడ వాహనాలు నిర్ణీత వేళల్లో బారులుగా, పోలీసు రక్షణతోనే కదలాలి. మధ్యలో ఆగరాదు, ఫొటోలు తీయరాదు. రహదారిలోని ఆ భాగాన్ని మూసివేయాలని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించినా రాకపోకలు ఆగలేదు. ఉత్తరాది గ్రామాలకు ఆస్పత్రికి, చదువుకు అదే దారి. జరావాలకు అదే ముప్పు.

తేలని ప్రశ్నలు

పదెకరాలు పొందిన తరం గతించింది. వారి మనుమల నాటికి భూమి ముక్కలైంది. తరువాతి దశాబ్దాల్లో పథకంతో సంబంధం లేకుండా వచ్చినవారు అటవీ భూముల్లో స్థిరపడ్డారు. అడవి రక్షణకు, వారి ఆవాసానికి మధ్య వివాదం నేటికీ ఉంది. పశ్చిమ బెంగాల్‌లో షెడ్యూల్డ్ కులమైన నమశూద్రులకు ఇక్కడ ఆ గుర్తింపు లేదు, ఎందుకంటే ఈ కేంద్రపాలిత ప్రాంతానికి షెడ్యూల్డ్ కులాల జాబితాయే లేదు. వలస వచ్చిన బెంగాలీలను ఇతర వెనుకబడిన తరగతుల్లో చేర్చారు. శాసనసభ లేని ఈ ప్రాంతానికి ఉన్న ఒకే ఒక లోక్‌సభ స్థానంలో 1977 తరువాత అత్యధికకాలం మనోరంజన్ భక్త, బిష్ణు పద రే ప్రాతినిధ్యం వహించారు. ఇద్దరూ బెంగాలీలే.

బెంగాల్‌లోని సరిహద్దు జిల్లాల్లో అవతలి ఊరు కంటికి కనిపిస్తుంది. ఉత్తర, మధ్య అండమాన్‌లో కనిపించేది సముద్రమే. విడిచివచ్చిన పల్లెలు దానికి ఆవల, మరో దేశంలో ఉన్నాయి. ఆ పల్లెల జ్ఞాపకం ఇక్కడి ఊళ్ల పేర్లలో నిలిచింది. వాటికి ముందు ఇక్కడ ఉన్న పేర్లను నిలిపేందుకు మాత్రం కొన్ని ధ్వని రికార్డులు, కొద్దిమంది మనుషులే మిగిలారు.